గాలం సామానుతో విమానం ఎక్కేవాళ్లకు

మా వైపు "వేటకు పోతున్నా" అంటే కొత్తవాళ్లు తలెత్తి చూస్తారు, తుపాకీ వేట అనుకొని. ఆ వేటకు 1972 వన్యప్రాణి చట్టంతోనే కళ్లెం పడింది, ఇప్పుడు అమ్రాబాద్ అడవిలో కుందేలును కొట్టినా కేసే. నేను చెప్పేది చేపల వేట, అదీ వలతో కాదు, గాలంతో. ఆదివారం వచ్చిందంటే సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున వైజాగ్ కాలనీ దగ్గరో, డిండి కట్ట దగ్గరో రెండు కర్రలు పెట్టుకొని కూర్చునే రకం నేను. అక్కడికి పోవడానికి సర్దేదేమీ ఉండదు. బండికి సైకిల్ ట్యూబుతో కర్రలు కట్టి, డబ్బాలో ఎర్రలు, కవర్లో తవుడు ముద్ద, సీసాలో నీళ్లు పెట్టుకుంటే అయిపోయింది.

విమానం దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివంతా పనికిరాదు. మూడేళ్ల కింద నేనూ మా బామ్మర్దీ హిమాచల్‌లో తీర్థన్ లోయకు ట్రౌట్ అనే చల్లనీళ్ల చేప కోసం పోయాం. రాడ్లను, అంటే గాలం కర్రలను, గుడ్డ సంచిలో పెట్టి, పైన ప్లాస్టర్ చుట్టి, అలాగే కౌంటర్లో ఇచ్చేశాం. అవతల లాడ్జిలో సంచి విప్పేసరికి నా రాడ్డు కొస నాలుగు వేళ్లంత విరిగి లోపలే ఊగుతోంది. సూట్‌కేసులో గాలాల డబ్బా మూత ఊడి, మూడు ముళ్ల గాలాలన్నీ పోయి స్వెటర్‌కు పట్టుకున్నాయి. వాటిని విడిపించడానికి రాత్రి పదకొండు గంటల దాకా లాడ్జిలో కూర్చొని, చివరికి స్వెటర్‌నే కత్తిరించాం. ఆ స్వెటర్ మా బామ్మర్దిది, ఇప్పటికీ పెళ్లిళ్లలో కనబడితే అదే మాట ఎత్తుతాడు.

అప్పటి నుంచి సర్దేటప్పుడు ఒక్కటే ఆలోచిస్తా. ఈ సంచిని నేను కాకుండా ఇంకెవరో ఎత్తుతారు, పడేస్తారు, అవసరమైతే తెరుస్తారు, మళ్లీ తొందరలో మూస్తారు. నాలాగా ముద్దుగా పట్టుకునేవాళ్లు దారిలో ఒక్కరూ ఉండరు. కింద రాసిందంతా ఆ లెక్కతోనే.

ముందు టికెట్ కొనే ముందే చూడాల్సిన సంగతి. దేశం లోపల తిరిగే విమానాల్లో మామూలు టికెట్‌కు సాధారణంగా 15 కిలోలు కౌంటర్లో ఇచ్చి విమానం కింద వేయడానికి, 7 కిలోలు చేతిలో పట్టుకోవడానికి ఇస్తారు. ఇది అందరికీ తెలుసు. చాలామంది చూడనిది ఏమిటంటే, కొన్ని సంస్థల్లో ఆ 15 కిలోలూ ఒక్క పీసుగానే ఉండాలి. మీ సూట్‌కేసు 9 కిలోలు, రాడ్ల ట్యూబు 3 కిలోలు, మొత్తం 12 అని మీరు ధీమాగా పోతారు, కౌంటర్లో ఆమె రెండో పీసుకు డబ్బులు కట్టమంటుంది. కట్టి తీరాలి, అక్కడ వాదిస్తే మన వెనక లైను పెరగడం తప్ప ఏమీ ఉండదు. ఇద్దరు పోతుంటే సులువు: ఒకే టికెట్ మీద బుక్ చేసుకొని, ఒకరి పేర ట్యూబు, ఇంకొకరి పేర ఇద్దరి బట్టల సూట్‌కేసు వేయండి. ఒంటరిగా పోతే ఒక్కటే పెద్ద సంచి, దానిలోనే ట్యూబు.

ఇక్కడ కొలత అడ్డం వస్తుంది. బ్యాగు పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదని ఎక్కువ సంస్థల నియమం. అంకె గుర్తుండకపోతే మన ఔటర్ రింగ్ రోడ్డును తలచుకోండి, దాని పొడవు 158 కిలోమీటర్లు. ఏడడుగుల రాడ్డు రెండు ముక్కలదైతే ఒక్కో ముక్క మూడున్నర అడుగులు, ట్యూబు నాలుగడుగులు, అంటే 122 సెంటీమీటర్లు. ట్యూబు ఒక్కటే వేస్తే 158 లోపలే ఉంటుంది. దాన్ని సంచిలో పెడితే వెడల్పుకూ ఎత్తుకూ కలిపి మిగిలేది 36 సెంటీమీటర్లే, సన్నటి పొడుగు సంచి తప్ప ఇంకేదీ పట్టదు. ఒక్క ముక్క రాడ్డు ఏడడుగులదైతే ఆశ వదులుకోండి.

అందుకే ఏడాదికి ఒక్కసారైనా దూరం పోయేవాళ్లు నాలుగు ముక్కల ట్రావెల్ రాడ్డు కొనుక్కోవడం మంచిది. ఒక్కో ముక్క రెండడుగుల లోపే ఉంటుంది, మామూలు పెద్ద సూట్‌కేసులో మూలగా పడుకుంటుంది, కొలతల గొడవే లేదు. అతుకులు ఎక్కువ కాబట్టి విరుగుతుందని కొందరంటారు కానీ నాకైతే ఆ అనుభవం కాలేదు. ఇంకో మాట, మన దగ్గర బొచ్చె కోసం, వాలుగ కోసం వాడే బరువైన రాడ్డు ట్రౌట్‌కు పనికిరాదు. అక్కడ రెండు నుంచి ఐదు గ్రాముల చిన్న స్పిన్నర్ (నీళ్లలో గిరగిరా తిరిగే రేకు ఎర) విసరాలి, సన్నటి దారం కావాలి. మొదటిసారి నేను సాగర్ సామానంతా మోసుకుపోయి, పావు వంతు కూడా సంచిలోంచి బయటికి తీయలేదు.

ట్రావెల్ రాడ్డు లేకపోతే ట్యూబు చేసుకోవాలి. ఆన్‌లైన్లో మంచివి దొరుకుతాయి, ధర చూస్తే రాడ్డు కంటే ఎక్కువ. నల్లగొండలో బోరు సామాను షాపులకు కొదవా! నేను పోయి 75 ఎంఎం పైపు నాలుగడుగులు కావాలంటే షాపాయన "పూర్తి పైపు 20 అడుగులు అన్నా, ముక్క కోసి అమ్మను" అన్నాడు. ఎందుకు అని అడిగితే చేపలకు అన్నా. ఒక నిమిషం నా మొహం చూసి, లోపల మూలన పడి ఉన్న ముక్క చూపించి, యాభై రూపాయలకు ఇచ్చి పంపాడు. మీరూ షాపుల్లోనో, ఇల్లు కడుతున్న చోట ప్లంబర్ దగ్గరో మిగిలిన ముక్క అడగండి. 75 ఎంఎంలో రెండు రాడ్లు హాయిగా పడతాయి, మూడోది ఇరుకు. అసలు లెక్క రాడ్డు లావును బట్టి కాదు, దారం చుట్టే రీలుకు దగ్గరగా ఉండే పెద్ద రింగును బట్టి, కాబట్టి రాడ్డు వెంట పట్టుకుపోయి పైపులో దూర్చి చూసుకోండి. 110 ఎంఎం తీసుకుంటే నాలుగైదు పడతాయి కానీ పైపు బరువు దాదాపు రెట్టింపు అవుతుంది, 15 కిలోల్లోంచే అది కూడా పోతుంది. బోరుకు వాడే మందం పైపు అసలొద్దు, 4 కేజీ రకం (అది పైపు తట్టుకునే ఒత్తిడి లెక్క, బరువు కాదు) అని అడిగితే పల్చటిది ఇస్తారు.

పైపు పొడవు మీ రాడ్డు ముక్క కంటే రెండు వైపులా మూడేసి వేళ్లు ఎక్కువ ఉండాలి. కోసిన అంచును గరుకు కాగితంతో రుద్దండి, లేకపోతే ఆ అంచే రాడ్డు మీద గీతలు పెడుతుంది. ఒక వైపు మూత సొల్యూషన్‌తో అతికించి, ఒక రోజంతా గాలికి వదిలేయండి, వాసన పోవాలి. రెండో వైపు మరలు తిరిగే మూత, డ్రైనేజీ లైన్లకు శుభ్రం చేయడానికి పెట్టే రకం, అదైతే ఎవరైనా చేత్తో తిప్పి తీయొచ్చు, మళ్లీ పెట్టొచ్చు. తాళం వేయకండి, మూత చుట్టూ పది చుట్లు టేపు కూడా వేయకండి. ఎక్స్‌రేలో వాళ్లకు అనుమానం వస్తే తెరవాల్సిందే. సులువుగా తెరుచుకోకపోతే కత్తి పెడతారు, కత్తి దిగాక ఆ మూత మళ్లీ సరిగ్గా కూర్చోదు.

ఇక లోపల సర్దుడు. పాత లుంగీ ఒకటి చింపి, ఒక్కో ముక్కకు సన్నటి గొట్టంలా తొడుగులు కుట్టించా. తొడుగు వేశాక సన్న ముక్క కొసను లావు ముక్క పిడి పక్కన పెట్టాలి, అంటే తలకిందులుగా. రెండు కొసలూ ఒకే వైపు పెడితే దెబ్బ తగిలినప్పుడు రెండూ పోతాయి, ఇలా పెడితే లావుది సన్నదాన్ని కాపు కాస్తుంది. రింగులు ఒకదానికొకటి ఎదురు పడకుండా కొంచెం తిప్పి, మూడు చోట్ల సైకిల్ ట్యూబు రింగులు తొడగండి. బిగించొద్దు, కదలకుండా ఉంటే చాలు. పైపు అడుగున పిడికెడు స్పాంజి, పైన మేజోళ్లు, బనియన్లు కుక్కండి. ఇప్పుడు పైపు పట్టుకొని ఊపండి. డబడబ అని చప్పుడొస్తే ఇంకో బనియన్ కావాలని అర్థం. చప్పుడు ఆగాక నేను మోకాలెత్తు నుంచి రెండుసార్లు నేల మీద పడేసి చూస్తా, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. ఇంట్లోవాళ్లు పిచ్చి అనుకున్నా ఫర్వాలేదు, విరిగేదేదో ఇంట్లోనే విరగనివ్వండి.

మూత తీయగానే కనబడేలా ఒక కాగితం పెట్టండి. నా కాగితం మీద హిందీలోనూ ఇంగ్లీషులోనూ మూడు వాక్యాలే ఉంటాయి: ఇవి చేపల గాలం కర్రలు, లావు వైపు పట్టుకొని మెల్లగా లాగండి, గుడ్డలు మళ్లీ పైనే పెట్టండి. కింద ఫోన్ నంబరు. అదే నంబరు పైపు మీద కూడా మార్కర్‌తో రాయండి, అంటించిన చీటీ ఊడిపోతుంది. అన్నీ సర్దాక మూత పెట్టే ముందు ఒక ఫొటో, పెట్టాక ఒక ఫొటో తీసుకోండి, ఎందుకో తర్వాత చెప్తా.

రీలు ఖరీదైనది, నలుగుతుంది, కాబట్టి నేను చేతి బ్యాగులోనే పెట్టుకుంటా. పిడి మడిచి, డ్రాగ్ (చేప లాగితే దారం ఎంత గట్టిగా వదలాలో బిగించే మర) పూర్తిగా వదులు చేసి, మందపాటి మేజోడులో దూర్చేయడమే. డ్రాగ్ బిగించి రోజుల తరబడి ఉంచితే లోపలి వాషర్లు అణిగిపోయి, పట్టు పట్టుగా వదులుతుంది. దారం చుట్టిన స్పూలు మాత్రం విప్పి కింద వేసే సంచిలో పెడతా. చెకింగ్‌లో ఎవరైనా ఆ దారం ఏమిటని నిలదీస్తే రీలు కూడా వదులుకోవాల్సి వస్తుందేమోనన్న భయం, అంతే. ఒకసారి ఒక జవాను రీలు తిప్పి తిప్పి చూసి, "ఎంత పెద్దది పడింది?" అని అడిగి పంపించాడు. అన్నిసార్లూ అలాంటివాళ్లే ఉండరు. రాడ్డును చేతిలో పట్టుకొని లోపలికి పోవచ్చని చెప్పేవాళ్లను నమ్మకండి, అది ఆ పూట అక్కడున్న సిబ్బంది ఇష్టం.

గాలాలు, కత్తి, కత్తెర, ప్లయర్, అన్నీ కిందికే. పై బ్యాగులో పాత గాలం ఒక్కటి మర్చిపోయినా దొరికిపోతారు, మనం సాగర్‌కు తిప్పే బ్యాగే విమానానికీ పట్టుకుపోతాం కాబట్టి అడుగు కుట్లలో వెతుక్కోండి. మూడు ముళ్ల గాలాలకు నేను వాడేది కొబ్బరిబోండం షాపు స్ట్రా. అంగుళం ముక్కలు కోసి, చీల్చి, ముళ్ల మీదుగా తొడిగితే పట్టుకోవు. డబ్బా మూతకు రెండు రబ్బరు బ్యాండ్లు, మొత్తం డబ్బాకు జిప్ కవరు. సీసం గుండ్లు తగ్గించండి. బరువు సంగతి సరే, ఎక్స్‌రేలో సీసం నల్లటి ముద్దలా కనబడుతుంది, లోపలేముందో తెలియక బ్యాగు తెరిపిస్తారు. తప్పక తీసుకుపోవాలంటే అట్టడుగున దాచకుండా, పైనే చేతికందేలా పెట్టండి.

బ్యాటరీల దగ్గర మన అలవాటు తిరగేయాలి. పవర్ బ్యాంకు, తలకు కట్టుకునే టార్చి విడి లిథియం బ్యాటరీలు, కెమెరా విడి బ్యాటరీలు కింద సంచిలో వేయకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. పవర్ బ్యాంకు 100 వాట్ అవర్లు దాటకపోతే అడిగేవాళ్లు ఉండరు. 20,000 ఎంఏహెచ్ ది సుమారు 74 వాట్ అవర్లు, 27,000 దగ్గరికి వస్తే హద్దు మీదున్నట్టే. కొన్నింటి మీద అంకెలు అరిగిపోయి ఉంటాయి, అలాంటిది ఇంట్లోనే వదిలేయండి.

అసలు తీసుకుపోకూడనివి: వంట గ్యాస్ చిన్న డబ్బాలు, పైనా వద్దు కిందా వద్దు, అక్కడే కొనుక్కోండి. అగ్గిపెట్టె, లైటర్ కూడా అంతే. నీళ్లలో పడితే దానంతటదే ఉబ్బే లైఫ్ జాకెట్‌లో గ్యాస్ గొట్టం ఉంటుంది, దానికి సంస్థ అనుమతి కావాలి. అంత తలనొప్పి ఎందుకు, స్పాంజి రకం వేసుకుపోండి. ఇక మనవాళ్లందరూ పట్టుబడేది ఎండుకొబ్బరి దగ్గర. మా బామ్మర్ది వాళ్లమ్మ ప్రేమగా అర కిలో కుడుకలు సూట్‌కేసులో పెట్టింది. వాటిలో నూనె ఎక్కువ, వేడెక్కి అంటుకునే గుణం ఉందని కింద వేసే బ్యాగులో నిషేధం. శంషాబాద్‌లో మమ్మల్ని పేరు పెట్టి పిలిపించి, సూట్‌కేసు తెరిపించి, కుడుకలు తీయించారు. ఆ తొందరలో మూసినప్పుడే గాలాల డబ్బా మూత సరిగ్గా పడలేదని నా అనుమానం. సకినాలకు ఏ గొడవా లేదు. తొక్కు డబ్బాను రెండు కవర్లలో కట్టి కింద వేయండి. తడి ఎర, తవుడు ముద్ద లాంటివి వద్దు, ఢిల్లీ ఎండకు పులిసి సంచి అంతా వాసన.

బరువు ముందు రోజే చూసుకోండి. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ ఉంటే మీరొక్కరే ఎక్కండి, తర్వాత సంచి పట్టుకొని ఎక్కండి, తేడాయే సంచి బరువు. నేను 13 కిలోల దగ్గర ఆపేస్తా. వచ్చేటప్పుడు బూట్లు, వల, చొక్కాలు తడిసి ఉంటాయి, ఆ రెండు కిలోలూ నీళ్లకే సరిపోతాయి.

శంషాబాద్‌కు పోయే దారి పాలమూరు వాళ్లకు అదృష్టం, జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా హైవే నేరుగా తీసుకుపోయి వదులుతుంది. నల్లగొండ నుంచైతే నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే ఎక్కి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ పట్టాలి. దేవరకొండ వైపు వాళ్లు సాగర్ రోడ్డు మీదనే వచ్చి బొంగ్లూర్ దగ్గర ఎక్కొచ్చు. బస్సులో పోతే ట్యూబును డిక్కీలో వేయకండి, దాని మీద ఉల్లిగడ్డ బస్తా పడితే మనం ఇంతసేపు పడ్డ కష్టం అంతా వృథా. పండగ రోజులైతే ఇంకో గంట ముందు బయల్దేరండి. సంక్రాంతి ముందు విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

కౌంటర్లో నోరు విప్పి చెప్పండి, "ఇందులో చేపల రాడ్లున్నాయి, పొడుగు సామాను" అని. పొడుగువాటికి వేరే బెల్టు ఉంటుంది, వాళ్లే చూపిస్తారు. జాగ్రత్త స్టిక్కర్ అడిగితే వేస్తారు, కానీ విరిగితే మాకు సంబంధం లేదన్న చీటీ మీద సంతకం పెట్టించుకోవచ్చు, చదివి పెట్టండి. బ్యాగు ఇచ్చేశాక వెంటనే టిఫిన్‌కు పరుగెత్తకండి. తెరవాల్సి వస్తే పిలుస్తారు, పావుగంట అక్కడే ఉండండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టకండి.

తీర్థన్‌కు దారి రెండు రకాలు. ఢిల్లీ నుంచి కుల్లూ దగ్గర భుంతర్‌కు చిన్న ఏటీఆర్ విమానాలు పోతాయి, ఇరుకు లోయలో దిగాలి, మబ్బు పడితే రద్దు. చిన్న విమానం కాబట్టి సామాను దగ్గర కూడా గట్టిగానే ఉంటారు. నా మాట వింటే చండీగఢ్‌లో దిగి, రాత్రి మనాలీ బస్సెక్కి ఔట్ దగ్గర దిగండి, అక్కడి నుంచి బంజార్ వైపు జీపులుంటాయి. మారే విమానానికి టికెట్ వేరుగా కొన్నట్టయితే ఢిల్లీలో సామాను తీసుకొని మళ్లీ ఇవ్వాలి, టెర్మినల్ కూడా మారొచ్చు. ఆ రెండింటి మధ్య గంటన్నర పెట్టుకొని టెన్షన్ పడేకంటే మూడు నాలుగు గంటలు పెట్టుకోండి. టికెట్‌కు ముందే సీజన్ చూసుకోవాలి, హిమాచల్‌లో నవంబర్ నుంచి ఫిబ్రవరి చివరి దాకా ట్రౌట్ వేట బంద్. మిగతా రోజుల్లో కూడా మత్స్యశాఖ పర్మిట్ ఉండాలి.

దిగాక బెల్టు దగ్గరే మూత తీసి చూడండి, అందరూ ట్యాక్సీల వైపు పోతున్నా మీరు కదలకండి. విరిగినా, రాకపోయినా అక్కడే ఉన్న కౌంటర్లో పీఐఆర్ (సామాను పోయినా పాడైనా రాసే ఫిర్యాదు కాగితం) రాయించి నకలు తీసుకోవాలి. బయటికి పోయాక తిరిగి వచ్చి అడిగితే, విరిగింది బయటేనేమో అంటారు. తీసుకున్న ఫొటోలు ఇప్పుడు పనికొస్తాయి. మొదటిసారి మేము అది చేయలేదు, లాడ్జిలో చూసుకున్నాం, ఇంటికొచ్చాక ఫోన్లు చేసి చేసి వదిలేశాం. రాడ్డు డబ్బులు అలా పోయినవే. ట్యూబు ఆలస్యమైతే ఆ రెండు రోజులూ ఖాళీగా కూర్చోకుండా, రీలు మీ దగ్గరే ఉంది కాబట్టి అక్కడి గెస్ట్‌హౌస్‌లో రాడ్డు అద్దెకో అరువుకో అడిగి చూడండి, చాలాచోట్ల ఉంటాయి.

తిరుగు ప్రయాణంలో చేపలు తెస్తావా అని ఇంటినుంచి ఫోన్లు వస్తాయి. తేకండి. మంచు కరిగి కారిందంటే పక్కవాళ్ల సామాను కూడా పాడు. డ్రై ఐస్ అయితే మనిషికి రెండున్నర కిలోల దాకానే, అదీ సంస్థ ఒప్పుకుంటే. బూట్లు, వల ముందు రోజు మధ్యాహ్నమే ఎండకు వేయండి, కొండల్లో నాలుగు దాటితే ఎండ ఉండదు. ఎండనివి కవర్లో కట్టి విడిగా పెట్టండి, రాడ్ల తొడుగులతో కలపకండి. ఇంటికి రాగానే, ఆ రాత్రికే, ట్యూబు మూత తీసి రాడ్లు బయట పెట్టండి. లోపలి తేమకు పిడి మీది బెండు బూజు పట్టడానికి వారం చాలు. గాలాల డబ్బా కూడా తెరిచి ఫ్యాను కింద పెట్టండి, పిల్లలు లేని గదిలో.